అక్క చెయ్యి, పిల్లల ధైర్యం

మా అక్కకి పక్షవాతం వచ్చినప్పుడు కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలు కాస్త ఈడ్చింది, నోరు మాత్రం చెక్కు చెదరలేదు. "అదృష్టవంతురాలు, మాట పోలేదు," అన్నాడు డాక్టరు. ఆ అదృష్టాన్ని ఇంట్లో పెట్టుకుని బతికేది మేము కదా, ఆయనకేం తెలుస్తుంది.

అక్కది ఇస్త్రీ పని. అపార్టుమెంట్లలో మెట్ల కింద ఒక మూల మిగిలిపోతుంది చూడండి, విరిగిన సైకిళ్ళూ ఎండిపోయిన రంగుడబ్బాలూ పడేసే చోటు, అక్కడ ఆవిడ బల్ల. బల్ల మీద మడతపెట్టిన దుప్పటి, దానిమీద మసిమరకల తెల్లగుడ్డ, కింద బొగ్గుల బస్తా. పైన మెట్లు ఏటవాలుగా దిగుతాయి కాబట్టి కొత్తగా వచ్చినవాడికల్లా తల బొప్పి కడుతుంది. అక్కకి ఎక్కడ వంగాలో తెలుసు. "బతకడానికి ఆమాత్రం వంగాలిరా" అనేది. నిజానికి వంగింది అక్కడొక్కచోటే.

బావ పోయాక ఆయన బొగ్గుల పెట్టె తీసుకుని బల్ల దగ్గర నిలబడింది. ఆడమనిషి అంత బరువు తిప్పుతుందా అన్నారు చూసినవాళ్ళు. తిప్పింది. ఇద్దరు కూతుళ్ళనీ ఆ పెట్టెతోనే పెంచి ఎవరిళ్ళకి వాళ్ళని పంపింది. అపార్టుమెంటులో ఎవరికి ఉద్యోగం ఊడిందో అందరికన్నా ముందు ఆవిడకే తెలిసేది, తెల్లచొక్కాలు రావడం ఆగిపోయేవి కదా. ఎవరు చిక్కిపోయారో, ఎవరు కొత్తగా సెంటు పూసుకుంటున్నారో, అంతా బట్టల్లోనే ఉంటుంది. కానీ గుట్టు మనిషి. ఎవరికీ చెప్పేది కాదు, నాకొక్కడికే చెప్పేది. నేను మా ఆవిడకొక్కదానికే చెప్పేవాణ్ణి. అలా మూడో కంటికి తెలియకుండా అందరికీ తెలిసేది.

ఆస్పత్రి నుంచి వచ్చాక కాలు మెల్లగా దారికొచ్చింది. చెయ్యి రాలేదు. వేళ్ళు పిడికిలిలా ముడుచుకుపోయాయి. ఎడమచేత్తో ఒక్కొక్కటే విప్పినా మళ్ళీ అత్తిపత్తి ఆకులా ముడుచుకునేవి. అంతలో అపార్టుమెంటు సెక్రటరీ మా ఇంటికొచ్చాడు, పలకరించడానికని.

"ఎలా ఉన్నావమ్మా? జనం బట్టలకి ఇబ్బంది పడుతున్నారు. కరెంటు ఇస్త్రీవాడు రోజూ వచ్చి ఆ చోటు అడుగుతున్నాడు. ఈ నెలాఖరుదాకా ఆపుతాను. నువ్వొచ్చి నిలబడితే నీదే. లేదంటే మరి నన్ను తప్పుపట్టకు."

"చచ్చినా వచ్చి నిలబడతాను బాబూ."

"చచ్చాక వద్దులే, అంతకుముందే రా," అని ఆయన తన హాస్యానికి తనే నవ్వుకుని వెళ్ళిపోయాడు.

మా వీధి చివర మందుల షాపు పైన వ్యాయామ వైద్యం సెంటరు ఒకటుంది. ఉచితం. షాపు పక్కనుంచి నిటారుగా మెట్లు, లిఫ్టు లేదు. ఆ మెట్లెక్కగలిగినవాడికి వైద్యం అక్కర్లేదు, వైద్యం కావలసినవాడు ఎక్కలేడు. నేను లారీలకి మూటలెక్కించే కూలీని కాబట్టి మా అక్కకి వైద్యం అందింది. భుజాన వేసుకుని ఎక్కుతుంటే, "మూటని విసిరినట్టు విసరకురోయ్" అని వీపుమీద గుద్దేది. ఆ గుద్దులు ఎడమచేతివి.

ఆ నెల సెంటరుకి విదేశం నుంచి ముగ్గురు విద్యార్థులు విమానమెక్కి వచ్చి ఉన్నారు. ఒకమ్మాయిది కాళ్ళ చదువు: నిలబెట్టడం, నడిపించడం. ఒకబ్బాయిది చేతుల చదువు: తినడం, బొత్తాలు పెట్టుకోవడం, ఎవరి పని వాళ్ళు చేసుకోవడం. ఇంకో పిల్లది మాటల చదువు: మాట పోయినవాళ్ళకి మాట, మింగలేనివాళ్ళకి మింగుడు నేర్పుతుంది. మొదటిరోజే అక్క వాళ్ళకి కాళ్ళమ్మాయి, చేతులబ్బాయి, మాటలపిల్ల అని పేర్లు పెట్టేసింది. వాళ్ళని కనిపెట్టుకుని వాళ్ళ పంతులమ్మ ఉండేది, జుట్టు నెరిసిన పెద్దమేడం. సెంటరు మేనేజరుకి వాళ్ళ భాష వచ్చు. వాళ్ళ మాట మాకూ మా మాట వాళ్ళకీ ఆయనే చేరవేసేవాడు.

"చూడమ్మా, వీళ్ళు సేవ చేస్తూ నేర్చుకుంటారు," అన్నాడు మేనేజరు. "మూడు చదువులవాళ్ళూ ఎవరికి వాళ్ళు కాకుండా, కలిసి ఒకే మనిషిని చూస్తారు. దానివల్ల వాళ్ళకి ధైర్యం వస్తుంది."

"వాళ్ళకా?" అంది అక్క.

"వాళ్ళకే. కాన్ఫిడెన్సు. ఈ ప్రోగ్రాం పెట్టిందే అందుకు."

"మంచిదే నాయనా. మరి చెయ్యి ఎవరికొస్తుంది?"

ఆ మాటని మేనేజరు వాళ్ళ భాషలోకి మార్చలేదు.

రోజూ పని మొదలుపెట్టే ముందు అందరూ గుండ్రంగా కూర్చునేవాళ్ళు. ఇవాళ నీకెంత ధైర్యంగా ఉందని పెద్దమేడం ఒక్కొక్కర్నీ అడిగేది. వాళ్ళు వేళ్ళెత్తి చూపించాలి. కాళ్ళమ్మాయి ఎప్పుడూ ఏడో ఎనిమిదో చూపించేది. చేతులబ్బాయి భయంభయంగా నాలుగు. మాటలపిల్ల రెండు చూపించి దించేసేది. మొదటిరోజు మా అక్కనీ చూపించమన్నారు. అక్క కుడిపిడికిలి వాళ్ళ ముందు పెట్టింది. "సున్నా!" అని ముగ్గురూ గాభరాపడ్డారు. "ధైర్యానికేం తక్కువ? వేళ్ళే లేవట్లేదు," అంది అక్క. అది సర్దిచెప్పేసరికి సగం పూట అయిపోయింది.

ఇంకోరోజు అక్కకి దాహం వేసింది. కూజా మూలనే ఉంది. నేను లేవబోతే మేనేజరు చేయిపట్టి ఆపాడు. "ఉండవయ్యా, ఇది ముగ్గురూ కలిసి చూడాల్సిన విషయం."

మాటలపిల్ల అక్క గొంతుమీద వేలుపెట్టి ఉత్తినే గుటక వేయమంది, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయేమోనని. వీపు నిటారుగా లేనిదే నీళ్ళివ్వకూడదని కాళ్ళమ్మాయి దిండ్లు తెచ్చి దోపింది. చేతులబ్బాయి రెండు చెవుల గ్లాసు, మూతి ఉన్న గ్లాసు, వంకర గొట్టం ముందుంచి ఏది మేలో ఆలోచనలో పడ్డాడు. ముగ్గురూ తలలు దగ్గరపెట్టి ఎంతో మర్యాదగా మాట్లాడుకున్నారు. "మీరు చెప్పండి", "కాదు మీరే చెప్పండి" అన్నట్టుంది వరస. వాళ్ళు తేల్చుకునేలోపు అక్క నా సంచిలోంచి సీసా లాగి, మూత పళ్ళతో తీసి, గటగటా తాగేసి మూతి తుడుచుకుంది.

"ఏంటన్నారు?" అని అడిగింది, ముగ్గురూ బిక్కచచ్చి చూస్తుంటే.

"నీళ్ళు తాగొచ్చంటున్నారు," అన్నాడు మేనేజరు నీరసంగా.

పాపం మాటలపిల్లకి అసలు పనే లేదు. మాట చక్కగా ఉన్న మనిషికి మాటేం నేర్పుతుంది? కానీ ముగ్గురూ కలిసి ఒకే మనిషిని చూడాలన్నది నియమం కాబట్టి ఆ పిల్ల రోజూ అక్క ఎదురుగా కూర్చునేది. అక్క చెప్పేది. చిన్నప్పటి సంగతులు, బావ సంగతులు, అపార్టుమెంటువాళ్ళ లోగుట్లు. పిల్లకి ముక్క అర్థం కాదు కదా, భయమేముంది. ఆ పిల్ల మాత్రం కళ్ళార్పకుండా అక్క మొహమే చూస్తూ వినేది. "మా ఇంట్లో ఒక్కళ్ళు ఇలా విన్నారా?" అని అక్క నావైపు చూసి దెప్పేది.

అసలు వైద్యం చేతులబ్బాయిది. చిల్లులున్న చెక్కా, రంగురంగుల పుల్లలూ ముందుపెట్టాడు. కుడిచేత్తో ఒక చిల్లులోంచి తీసి ఇంకో చిల్లులో గుచ్చాలి. అక్క ఒకపూట యాతనపడి విసుక్కుంది.

"ఇదేం పని నాయనా! ఈ పుల్లలు గుచ్చితే నాకేమొస్తుంది? వేలు కదల్లేదు, ఏం లేదు."

మేనేజరు మార్చకపోయినా ఆ గొంతు విన్న అబ్బాయికి తెలిసిపోయింది. మొహం పాలిపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెద్దమేడం అతని భుజంమీద చెయ్యేసి వరండాలోకి తీసుకెళ్ళింది. మేనేజరు మామీద పడ్డాడు.

"ఏంటమ్మా నువ్వు! అంత దూరం నుంచి వచ్చిన పిల్లాణ్ణి ఏడిపిస్తావా? వీళ్ళు డీలాపడి వెళితే వచ్చే బ్యాచ్ రాదు. బ్యాచ్ రాకపోతే సెంటరే ఉండదు. ఒక మంచిమాట అంటే నీ సొమ్మేం పోయింది?"

అక్క తప్పొప్పుకున్నట్టు తలూపింది. అది అరుదు. దారిలో నా వీపుమీద ఉండి అంది, "ఒరేయ్, చేసిన ఇస్త్రీని మొహాన కొట్టి, ముడత పోలేదు మళ్ళీ చెయ్యి అంటారు చూడు, అప్పుడు ప్రాణం చచ్చిపోతుందిరా. వాడికి నేనదే చేశాను."

మర్నాటినుంచి అక్క మారిపోయింది. అబ్బాయి అటు తిరగ్గానే ఎడమచేత్తో పుల్ల గుచ్చేసి కుడిచెయ్యి దానిపక్కన పెట్టేది. "ఎలా ఉంది?" అని అడిగితే "బ్రహ్మాండం" అనేది. ఆ మాట వాళ్ళకీ పట్టుబడింది. పుల్ల కదిలితే బ్రహ్మాండం, అక్క తుమ్మితే బ్రహ్మాండం. గుండ్రంగా కూర్చున్నప్పుడు చేతులబ్బాయి వేళ్ళు నాలుగునుంచి ఆరుకీ, ఆరునుంచి ఎనిమిదికీ పెరిగాయి. అక్కవి పెరగలేదు. మాటలపిల్ల మాత్రం అప్పుడప్పుడూ అక్క మొహంకేసీ చెక్కకేసీ మార్చిమార్చి చూసేది.

అసలు తనకి కావలసిందేంటో అక్క ఒక్కసారి చెప్పుకుంది. "పుల్లలెందుకు? నా ఇస్త్రీ పెట్టె పట్టుకోవడం నేర్పండి. నెలాఖరుకి బల్లదగ్గర నిలబడాలి."

ముగ్గురి కళ్ళూ మెరిశాయి. మనిషికి ఇష్టమైన పనిలోనే వైద్యం చెయ్యాలని వాళ్ళ పుస్తకాల్లో ఉందట. కానీ నిప్పులున్న పెట్టె రోగి చేతికివ్వడం వాళ్ళ కాలేజీ రూల్సు ఒప్పుకోవు. కూర్చున్నారు, మాట్లాడారు, మళ్ళీ కూర్చున్నారు. చివరికి చెప్పులొచ్చిన అట్టపెట్టె కత్తిరించి, నల్లరంగు వేసి, కాగితపు గొట్టం పిడిగా అతికించి ఇస్త్రీపెట్టె తయారుచేశారు. దూదిపింజంత బరువు. అక్క పిడికిలిని అబ్బాయి ఆ గొట్టంలోకి దూర్చాడు. అక్క భుజంతో తోసింది. పెట్టె కదిలింది. కింద పరిచిన కాగితపు తువ్వాలు నున్నగానే ఉంది, అది ముందునుంచీ నున్నగానే ఉంది. ముగ్గురూ చప్పట్లు కొట్టి వీడియో తీశారు.

నెలాఖరుకి సభ పెట్టారు. మందుల షాపాయన, వీధి పెద్దలు, వాళ్ళతోపాటు అపార్టుమెంటు సెక్రటరీ ముందువరసలో కూర్చున్నారు. గోడమీద వీడియో వేశారు. చేతులబ్బాయి నిలబడి, ఒక్క చోట కూడా తడబడకుండా చాలాసేపు మాట్లాడాడు. మొదట్లో నోరు విప్పడానికే వణికిన పిల్లాడు! పెద్దమేడం కళ్ళు తుడుచుకుంది. మేనేజరు మాకు చెప్పాడు: "అమ్మ పెట్టుకున్న లక్ష్యం నెరవేరింది. ఇస్త్రీ చేస్తోంది. ఇక సెంటరుకి రావాల్సిన అవసరం లేదు!"

సెక్రటరీ లేచి నిలబడ్డాడు. "శభాష్! అయితే రేపు పొద్దున్నే వచ్చెయ్యమ్మా. మా ఇంట్లోనే బట్టలు కొండలా పడున్నాయి. నాకు ఆఫీసుకి నీలంగీతల చొక్కా కావాలి."

అక్క అబ్బాయి మొహం చూసింది. దీపంలా వెలుగుతోంది. ఏమనగలదు? "అలాగే బాబూ" అంది.

మెట్లు దిగుతుంటే నా వీపుమీద గుద్దలేదు. "ఒరేయ్," అంది, "మొహమాటానికి పోతే కడుపైందని సామెత విన్నావు కదా. ఈ వయసులో నాకైంది."

పొద్దున్నే బల్ల దులిపి, బొగ్గులు రాజేసి ఇచ్చాను. సెక్రటరీ ఇంటినుంచి మూట దిగింది. నెలనాళ్ళ దుప్పట్లు, దిండుగలీబులు, పైన నీలంగీతల చొక్కా. అవతల గేటు దగ్గర కరెంటు ఇస్త్రీవాడు సైకిలానుకుని నిలబడ్డాడు, ఊరికే చూసిపోదామని వచ్చినవాడిలా.

అక్క ఎడమచేత్తో పెట్టె ఎత్తబోయింది. లేచింది కానీ అడ్డదిడ్డంగా పోయింది. సరిగ్గా అప్పుడే విద్యార్థులు ముగ్గురూ వచ్చారు. మేడం లేదు, మేనేజరు లేడు. మర్నాడు వాళ్ళ ప్రయాణం. తమ తెల్లకోట్లు నలిపి తెచ్చారు, అక్క మొదటి గిరాకీ తామే కావాలని. లోపలికొస్తూనే ముగ్గురికీ వరసగా తల మెట్లకి కొట్టుకుంది.

చేతులబ్బాయి తల రుద్దుకుంటూనే నవ్వుతూ, ఎడమచెయ్యి కాదు, కుడిది, కుడిది అని సైగచేశాడు. అక్క కుడిపిడికిలి పిడిమీద పెట్టి భుజంతో తోసింది. ఇది అట్టపెట్టె కాదు. బరువుకి పక్కకి జారి బల్ల అంచుదాకా పోయింది. అబ్బాయి అడ్డంపడి పట్టుకున్నాడు, అరచెయ్యి కాలింది. నేను పెట్టె లాక్కుని నేలమీద పెట్టాను.

మాటలపిల్ల ముందుకొచ్చి అక్క మొహంలో మొహం పెట్టింది. నెల్లాళ్ళుగా విని ఏరుకున్న మాటల్లోంచి రెండు వెతుక్కుని అడిగింది.

"అక్కా. బ్రహ్మాండం... లేదు?"

"లేదు తల్లీ. ఎప్పుడూ లేదు." అక్క ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి వదిలింది. అవి మళ్ళీ ముడుచుకుపోయాయి. అబ్బాయివైపు చూపించి, తన కళ్ళకింద వేలితో కన్నీటి చార గీసి, "నువ్వు ఏడుస్తావనిరా" అంది.

నెలంతా అందరూ కలిసి వైద్యం చేసినా, మా అక్క నోట నిజం రప్పించింది ఆ ఒక్క పిల్లే. మాటల చదువంటే అదేనేమో.

అబ్బాయి ఏడవలేదు. ఎర్రబడ్డాడు. కాళ్ళమ్మాయి అతనిమీద విరుచుకుపడింది. అతను ఎదురు తిరిగాడు. మాటలపిల్ల ఇద్దర్నీ కలిపి తిట్టింది. నెల్లాళ్ళు "మీరు చెప్పండి, మీరు చెప్పండి" అనుకున్నవాళ్ళు మా లారీ స్టాండు కూలీల్లా అరుచుకున్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మా దగ్గర అలా అరుచుకున్నాకే బరువు కదులుతుంది.

నిప్పులు తీయించేశారు. అబ్బాయి తన సంచి పట్టీ కోసి అక్క చేతిని పిడికి కట్టాడు. మరీ బిగుతని మాటలపిల్ల అక్క మొహం చూసి చెప్పింది, వదులు చేశాడు. కాళ్ళమ్మాయి అక్క ఎడమపాదం కింద ఇటుక పెట్టి, నడుం పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపింది, చేత్తో కాదు ఒంటితో తొయ్యమని. చల్లటి పెట్టెతో మళ్ళీ మళ్ళీ తోయించారు. పట్టీ తెగింది, ఇంకోటి కోశారు. నిప్పులు మళ్ళీ పోయించి ఒక దిండుగలీబు పరిచారు. అడ్డంగా ఒక దారి, వెనక్కి ఒక దారి. ముడత పోయింది. ఒక మూల గోధుమరంగు మరక పడింది, పడనీ. తర్వాత దుప్పటి. తర్వాత చొక్కా ఎత్తారు. కాలరు దగ్గర, బొత్తాల మధ్య, వేళ్ళతో సర్దాలి. అక్కడ పట్టీ ఏం చేస్తుంది, ఇటుకేం చేస్తుంది. అబ్బాయి ఆగి, తల అడ్డంగా ఊపాడు. ఆ నెలలో అతను కాదనడం అదే మొదలు.

ఆఫీసు వేళకి సెక్రటరీ దిగాడు. "ఏదమ్మా నా చొక్కా?"

"కాలేదు బాబూ. నా చెయ్యి రాలేదు. దుప్పట్లూ గలీబులూ చెయ్యగలను. చొక్కాలు నావల్ల కాదు."

"మరి నిన్న సినిమాలో చేశావుగా?"

"అది అట్టపెట్టె. అట్టపెట్టెతో అయితే మీ మేడ మొత్తం ఇస్త్రీ చేసి పెడతాను."

సెక్రటరీ పరదేశీ పిల్లల ముందు కోపం తెచ్చుకోలేక ఇబ్బందిగా నవ్వాడు. "అదంతా నాకెందుకమ్మా? నిలబడితేనే చోటన్నాను. చొక్కా లేనిదే ఇస్త్రీ ఏంటి?"

"నిలబడే ఉన్నాను కదా. చొక్కా చేసేవాడు అడుగో, గేటు దగ్గరున్నాడు. పొద్దుటిపూట బల్ల నాది, మధ్యాహ్నం నుంచి వాడిది. చదరంగా ఉన్నవన్నీ నేను, చేతులున్నవన్నీ వాడు."

కరెంటు ఇస్త్రీవాడు సైకిలు స్టాండు వేసి వచ్చాడు. "బల్ల మొత్తం నాకిస్తామన్నారు సార్."

"ఇంతింత దుప్పట్లు నువ్వు చేస్తావురా? మొన్న రెండు దుప్పట్లకే నడుం పోయిందని ఊరంతా చెప్పుకున్నావట?" అంది అక్క.

వాడు తల గోక్కున్నాడు. దుప్పట్లంటే వాడికి చావే. "సరేలే అక్కా," అన్నాడు, "కానీ నా వేళకి బొగ్గుమసి ఉండకూడదు." చేతిగడియారం చూసుకున్న సెక్రటరీ "మీరూ మీరూ చూసుకోండి" అని నలిగిన చొక్కాతోనే ఆఫీసుకి పోయాడు.

ఆ సాయంత్రం విద్యార్థుల ఆఖరి సభలో ఏమైందో మేనేజరు నన్ను ఆపి మరీ చెప్పాడు. చేతులబ్బాయి కట్టుకట్టిన చెయ్యెత్తి ఒక్క వేలు చూపించాడట. కాళ్ళమ్మాయి రెండు. ఎప్పుడూ రెండు చూపించే మాటలపిల్ల ఐదు చూపించింది గానీ, ఆ పిల్లకి లెక్క అర్థం కాలేదనుకున్నారు. 'లక్ష్యం నెరవేరింది' అన్నది కొట్టేయించి, అక్కని సెంటరుకి రానివ్వాలని అబ్బాయి పట్టుబట్టాడట.

"నెల్లాళ్ళ ధైర్యం ఒక్క పూటలో మీ అక్క నీళ్ళపాలు చేసింది," అన్నాడు మేనేజరు. "పెద్దమేడం ఎంత కుమిలిపోతోందో తెలుసా? రోగులు నిజం చెప్పినా ధైర్యం తగ్గకుండా ఉండటానికి వచ్చే బ్యాచ్‌కి వేరే క్లాసు పెడతారట."

"మంచిదేనండి," అన్నాను. "మెట్లెక్కించే క్లాసు కూడా ఒకటి పెట్టించండి, నా నడుం పోతోంది."

ఇప్పుడు పొద్దుటిపూట అక్క బల్లదగ్గరే ఉంటుంది. పాదం కింద ఇటుక, చేతికి పట్టీ, ఒళ్ళంతా ముందుకీ వెనక్కీ ఊగుతూ ఒక్కో దుప్పటికి యుగం పడుతుంది. సంపాదన సగమైంది, వాగుడు రెట్టింపైంది. మధ్యాహ్నం కాగానే కరెంటు ఇస్త్రీవాడు చొక్కాల మూటతో వచ్చి నిలబడతాడు.

"అక్కా, నా వేళైంది. ఇంకెంతసేపు?"

"ఉండరా, మూల మిగిలింది," అంటుంది అక్క.